రేసు ట్రాకు మీద టైరు లెక్క, మిర్చి లోడు కింద టైరు లెక్క

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లే రోడ్లు ఖాళీగా ఉండవు. సత్తెనపల్లి, నరసరావుపేట వైపు నుంచి, అటు అద్దంకి, దర్శి, మార్కాపురం వైపు నుంచి టిక్కీలు వేసుకున్న లారీలు, ట్రాక్టర్లు రాత్రంతా వస్తూనే ఉంటాయి. ఒక్కో టిక్కీ 40 నుంచి 45 కిలోలు తూగుతుంది. వంద టిక్కీలు వేస్తే నాలుగు టన్నులు దాటిపోతుంది. ఇంత బరువూ రోడ్డును తాకేది మాత్రం ఒక్కో టైరు కింద ఒకటి రెండు అరచేతులంత రబ్బరు దగ్గరే. బండి ఎంత పెద్దదైనా, ఇంజిన్ ఎంత ఖరీదైనదైనా, రోడ్డుతో దానికున్న సంబంధం ఆ కాస్త జాగాలోనే.

కోట్ల రూపాయల రేసు కారుకి కూడా ఇదే వర్తిస్తుంది. టీవీలో రేసు చూసే పిల్లలు డ్రైవర్ పేరు చెబుతారు, కారు పేరు చెబుతారు. టైరు సంగతి అడిగితే "అదేముంది, అరిగితే మారుస్తారు" అంటారు. అసలు ఆట అక్కడే ఉంది. ఏ టైరుతో మొదలుపెట్టాలి, దాన్ని ఎంతసేపు లాగాలి, ఏ నిమిషంలో ఆగి మార్చాలి అన్న మూడు ప్రశ్నల మీద గెలిచే రేసులు పోయాయి, పోయే రేసులు నిలిచాయి. ఇవే ప్రశ్నలు మిర్చి సీజన్‌లో మన ప్రాంతపు లారీ ఓనర్‌కీ, ట్రాక్టర్ రైతుకీ, ఆటో డ్రైవర్‌కీ ఎదురవుతాయి. తేడా ఏమిటంటే, రేసులో లెక్క తప్పితే కప్పు పోతుంది.

హుస్సేన్ సాగర్ ఒడ్డున

తెలుగు నేల మీద ప్రపంచ స్థాయి కార్ల రేసు జరిగింది ఒక్కసారే. అదీ మిర్చి సీజన్‌లోనే. 2023 ఫిబ్రవరి 11, శనివారం నాడు హైదరాబాద్‌లో ఫార్ములా ఈ రేసు పెట్టారు. ఇవి పెట్రోలు కార్లు కావు, బ్యాటరీ కార్లు. హుస్సేన్ సాగర్ పక్కన, సెక్రటేరియట్, ఎన్టీఆర్ గార్డెన్స్, లుంబినీ పార్కుల చుట్టూ మనం రోజూ తిరిగే రోడ్లనే మూసేసి 2.8 కిలోమీటర్ల ట్రాకు చేశారు. మొత్తం 18 మలుపులు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. నిక్ కాసిడీ రెండో స్థానం, ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టా మూడో స్థానం. మొదటి వరుసలో మొదటి చోటు నుంచి బయల్దేరిన మిచ్ ఎవాన్స్‌ని సొంత టీమ్ సహచరుడు సామ్ బర్డే గుద్దడంతో ఆ జాగ్వార్ కార్లు రెండూ రేసులోంచి పోయాయి.

ఆ రోజు చూడటానికి వెళ్లినవాళ్లలో చాలామందికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. సినిమాల్లో చూపించినట్టు కారు ఆగడం, నలుగురు పరిగెత్తుకొచ్చి టైర్లు విప్పడం ఎక్కడా కనిపించలేదు. ఎందుకంటే ఆ రేసులో టైర్లు అరిగాయని మార్చే పద్ధతే లేదు. అందరికీ ఒకే కంపెనీ, హాంకూక్, ఇచ్చిన ఒకే రకం టైరు. ఎండకీ, వానకీ అదే. గాడులున్న టైరు, గట్టి రబ్బరు. పంచరైతే తప్ప బయల్దేరిన టైర్లతోనే రేసు ముగించాలి.

అలాగని లెక్క లేదని కాదు. మార్చడానికి వీల్లేనప్పుడు వాడటంలోనే లెక్కంతా ఉంటుంది. మన రోడ్లకు దుమ్ము సహజం. కార్లు పదే పదే తిరిగే గీత మీద దుమ్ము ఊడ్చుకుపోయి పట్టు దొరుకుతుంది. ఆ గీత దాటి పక్కకు పోతే టైరు కింద దుమ్మే. ఫార్ములా ఈలో కాసేపు అదనపు పవర్ కావాలంటే డ్రైవర్ మామూలు గీత వదిలి పక్కన గుర్తు పెట్టిన చోటు మీదుగా పోవాలి. అంటే పవర్ కోసం పట్టు వదులుకోవాలి. దానికి తోడు బ్యాటరీ. చివరి ల్యాపుల్లో వెర్న్ దగ్గర మిగిలిన చార్జి కాసిడీ దగ్గరున్నదాని కంటే తక్కువ. వెనక నుంచి కాసిడీ మీదమీదకి వస్తుంటే, ఎక్కడ పోనివ్వాలో, ఎక్కడ అడ్డుకోవాలో చూసుకుంటూ చివరిదాకా అర సెకను లోపు తేడాతో నిలబెట్టుకున్నాడు.

ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసిన వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఇచ్చిన నిమిషాల్లో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లదే బహుమతి. మొదటి రౌండులోనే జనం ఈలలు విని ఎడ్లను అదిలించేవాడు సగం టైముకే చతికిలబడతాడు. అనుభవమున్నవాడు చివరి రెండు నిమిషాలకు కాస్త బలం దాచుకుంటాడు. హైదరాబాద్ రేసు బండలాగుడు లాంటిదే.

ఆ రేసు 2024లో మళ్లీ జరగాల్సింది, రద్దయింది. తర్వాత జరగలేదు.

పెనం కాగాలి, మాడకూడదు

టైరు మార్చే లెక్క చూడాలంటే ఫార్ములా వన్‌కి రావాలి. అక్కడ పొడి ట్రాకుకి మూడు రకాల టైర్లు ఇస్తారు. మెత్తవి, మధ్యరకం, గట్టివి. ఇప్పుడు టీవీలో చూస్తే టైరు పక్కన ఎర్ర గీత ఉంటే మెత్తది, పసుపు మధ్యరకం, తెలుపు గట్టిది. వానకి వేరే రెండు రకాలు, ఆకుపచ్చ, నీలం.

బడిపిల్లల పెన్సిల్ రబ్బరు గుర్తు తెచ్చుకోండి. మెత్తటి రబ్బరు ఒక్క రుద్దుకే గీత తుడిచేస్తుంది, కానీ నెలకే అరిగి పిప్పవుతుంది. గట్టి రబ్బరు ఏడాదంతా వస్తుంది, తుడవడానికి చెయ్యి నొప్పెడుతుంది. రేసు టైరూ అంతే. మెత్తటి రబ్బరు రోడ్డులోని సన్నటి ఎత్తుపల్లాల్లోకి దిగి గట్టిగా పట్టుకుంటుంది. మలుపులో వేగం తగ్గించే పని తక్కువ. కానీ తొందరగా పోతుంది. గట్టిది నెమ్మది, కానీ ఎక్కువ ల్యాపులు మోస్తుంది.

దీనికి వేడి తోడవుతుంది. దోసెల పెనం కాగకముందే పిండి పోస్తే అంటుకుపోతుంది, మరీ కాగితే మాడిపోతుంది. రేసు టైరు రబ్బరు కూడా చల్లగా ఉంటే పట్టదు. బాగా వేడెక్కాక, సుమారు వంద డిగ్రీల దగ్గర, జిగురొచ్చినట్టు పట్టుకుంటుంది. అందుకే రేసు మొదలయ్యే ముందు టైర్లకు కరెంటు దుప్పట్లు చుట్టి వేడి చేస్తారు. ఆ వేడి దాటితే పైన రబ్బరు జారడం మొదలవుతుంది, బొబ్బలొస్తాయి, ముక్కలూడతాయి. డ్రైవర్ స్టీరింగ్ గట్టిగా తిప్పినా, బ్రేకు గట్టిగా తొక్కినా వేడి పెరుగుతుంది. మంచి డ్రైవర్ అంటే వేగంగా నడిపేవాడే కాదు, టైరుని మాడ్చకుండా నడిపేవాడు.

ఇంకొక నిబంధన ఉంది. వాన లేని రేసులో ప్రతి డ్రైవరూ కనీసం రెండు రకాల టైర్లు వాడి తీరాలి. అంటే కనీసం ఒక్కసారైనా ఆగాలి. ఆగితే టైర్లు మార్చడానికి పట్టేది రెండు మూడు సెకన్లే. 2023లో ఖతర్‌లో మెక్‌లారెన్ టీమ్ నాలుగు టైర్లూ 1.80 సెకన్లలో మార్చేసింది. ఇది చదివే లోపు అయిపోతుంది. కానీ పిట్ దారిలో వేగానికి హద్దు ఉంది కాబట్టి లోపలికి వచ్చి బయటికి వెళ్లేసరికి మొత్తం మీద ఇరవై సెకన్లకు పైనే పోతాయి. కొత్త టైరుతో ఆ ఇరవై సెకన్లను తిరిగి సంపాదించగలమా లేదా అన్నదే టీములు కూర్చుని కట్టే లెక్క.

రెండు ల్యాపులకే ఆగినవాడు గెలిచాడు

మన దేశంలో ఫార్ములా వన్ మూడేళ్లే జరిగింది, 2011 నుంచి 2013 దాకా, ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. వాటిలో 2013 అక్టోబర్ 27 నాటి రేసు, టైరు లెక్క అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

రేసు 60 ల్యాపులు. ఆ రోజు మెత్తటి టైర్లు బాగా వేగంగా ఉన్నాయి, కానీ కొన్ని ల్యాపులకే చచ్చుబడిపోతున్నాయి. మధ్యరకం టైర్లు మాత్రం చాలాసేపు మోస్తున్నాయి. వెటెల్ మొదటి స్థానం నుంచి, మెత్తటి టైర్ల మీద బయల్దేరాడు. రెండో ల్యాపు అయిపోగానే పిట్‌లోకి వచ్చేశాడు! మొదటివాడు 17వ స్థానానికి పడిపోయాడు. చూసేవాళ్లకు ఏదో చెడిపోయిందనిపిస్తుంది. నిజానికి ఆ టీము రెండు రకాల టైర్లు వాడాలన్న నిబంధనను రెండే రెండు ల్యాపుల్లో తీర్చేసింది. చేదు మాత్ర ముందే మింగేసినట్టు. ఇక మిగిలింది 58 ల్యాపులు, చేతిలో రెండు జతల మధ్యరకం టైర్లు. సగానికి సగం పంచుకుంటే జతకి 29 ల్యాపులు. కొత్త టైర్ల మీద ఒక్కొక్కరినీ దాటుకుంటూ ముందుకొచ్చాడు, దాదాపు సగం రేసు దగ్గర రెండోసారి టైర్లు మార్చాడు, రెండోవాడు నికో రోస్‌బర్గ్ కంటే దాదాపు అర నిమిషం ముందు గీత దాటాడు. వరసగా నాలుగో ప్రపంచ టైటిల్ ఆ రోజే ఖాయమైంది.

కానీ ఆ రేసులో అసలు కథ గెలిచినవాడిది కాదు. అతని వెనక, ఒకే లోటస్ టీముకి చెందిన ఇద్దరిది.

రొమాన్ గ్రోజాన్ 17వ స్థానం నుంచి బయల్దేరాడు. కిమీ రైకొనెన్ ముందువైపు నుంచి. ఇద్దరూ ఒక్కసారే ఆగి సరిపెట్టుకోవాలని చూశారు, ఆగితే పోయే ఇరవై సెకన్లు మిగుల్తాయి కదా. టైర్లు తయారుచేసిన పిరెల్లి కంపెనీ మధ్యరకం జతను 35 ల్యాపులకు మించి వాడొద్దని ముందే సూచించింది. రైకొనెన్ ఏడో ల్యాపులోనే మార్చుకున్నాడు, అంటే మిగతా 50కి పైగా ల్యాపులు ఒకే జత మీద లాగాలి. గ్రోజాన్ 13వ ల్యాపు దాకా ఆగి మార్చుకున్నాడు, అతనికి మిగిలింది 47.

తేడా ఆరు ల్యాపులే. చాలాసేపు ఇద్దరి లెక్కా పనిచేస్తున్నట్టే కనిపించింది. రైకొనెన్ రెండో స్థానంలో పోతున్నాడు. చివరి పది ల్యాపుల్లో అతని టైర్లు చచ్చిపోయాయి. రోస్‌బర్గ్ దాటాడు, సొంత టీమువాడు గ్రోజాన్ దాటాడు, తర్వాత ఇంకొందరు దాటారు. ఆఖరికి రేసు ఇంకో రెండు ల్యాపుల్లో అయిపోతుందనగా పిట్‌లోకి వచ్చి టైర్లు మార్చుకోక తప్పలేదు. ఏడో స్థానం. కొత్త టైర్ల మీద ఆఖరి ల్యాపు తిరిగాడు చూడండి, ఆ రోజు మొత్తం రేసులో అదే అందరికంటే వేగమైన ల్యాపు! కారులో లోపం లేదు, డ్రైవర్‌లో లోపం లేదు. 17వ స్థానం నుంచి వచ్చిన గ్రోజాన్ మూడో స్థానంలో కప్పు అందుకున్నాడు. అతను కూడా పిరెల్లి చెప్పిన హద్దు దాటినవాడే. ఒకడికి చెల్లింది, ఒకడికి చెల్లలేదు. టైరును సాగదీసే పనిలో ఉన్న మోసం ఇదే. చివరి క్షణం దాకా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

గల్ఫ్ ట్రాకుల మీద

మనవాళ్లు ఉద్యోగాలకు వెళ్లే గల్ఫ్ దేశాల్లో ఇప్పుడు నాలుగు ఫార్ములా వన్ ట్రాకులు ఉన్నాయి. బహ్రెయిన్‌లో సఖీర్, అబుదాబిలో యాస్ మరీనా, సౌదీలో జెద్దా, ఖతర్‌లో లుసైల్. దోహాలోనో అబుదాబిలోనో ఉన్న మామూ వీడియో కాల్‌లో రేసు హడావిడి చూపించిన ఇళ్లు మన దగ్గర కూడా ఉన్నాయి. ఈ మధ్యకాలంలో టైరు లెక్కల మీద పెద్ద గొడవలన్నీ ఆ ట్రాకుల మీదే జరిగాయి.

2021 డిసెంబర్ 12న అబుదాబిలో లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ సరిసమానమైన పాయింట్లతో చివరి రేసుకి వచ్చారు. హామిల్టన్ దాదాపు రేసంతా ముందున్నాడు. ఆఖరున ఇంకో కారు గోడకు గుద్దుకుంది, సేఫ్టీ కారు వచ్చింది, అందరూ నెమ్మదించారు. ఆ సందులో వెర్‌స్టాపెన్ ఆగి కొత్త మెత్తటి టైర్లు వేసుకున్నాడు. హామిల్టన్ ఆగితే మొదటి స్థానం పోతుంది కాబట్టి 14వ ల్యాపు నుంచి వాడుతున్న గట్టి టైర్లతోనే ఉండిపోయాడు. ఒకే ఒక్క ల్యాపు మిగిలుండగా మళ్లీ రేసు మొదలుపెట్టారు. పాత గట్టి టైరు మీద ఉన్నవాడు కొత్త మెత్తటి టైరును ఆపలేకపోయాడు. ఆ ఒక్క ల్యాపు నడిపించిన తీరు న్యాయమా కాదా అన్న వాదన వేరే, అది ఇప్పటికీ తెగలేదు.

ఖతర్ లెక్క ఇంకా తేట. లుసైల్ ట్రాకు టైర్లకు చాలా కఠినమైనది. పొడవాటి వేగమైన మలుపులు, వేడి. 2023లో అక్కడి ట్రాకు అంచుల మీద ఎక్కి దిగడం వల్ల టైరు లోపలి పొరలు విడిపోతున్నట్టు బయటపడింది. దాంతో ఏ జతా 18 ల్యాపులకు మించి వాడకూడదని అప్పటికప్పుడు నిబంధన పెట్టారు. 2025లో ముందుగానే 25 ల్యాపుల హద్దు పెట్టారు. రేసు 57 ల్యాపులు.

ఇక్కడ కాగితం, పెన్సిల్ తీసుకోండి. రెండుసార్లు ఆగితే మూడు జతలు. 25, 25 కలిపితే 50. మిగిలేది 7. అంటే మొదటిసారి ఏడో ల్యాపు కంటే ముందు ఆగినవాడు ఇంకా రెండుసార్లు ఆగాల్సిందే. ఏడో ల్యాపులో గానీ తర్వాత గానీ ఆగితే ఇంకొక్కసారితో సరిపోతుంది. నవంబర్ 30న రేసు రోజు సరిగ్గా ఏడో ల్యాపులోనే రెండు కార్లు గుద్దుకుని సేఫ్టీ కారు వచ్చింది. అందరూ నెమ్మదిగా తిరిగే ఆ సమయంలో ఆగితే పోయే సెకన్లు తక్కువ. దాదాపు అందరూ పిట్‌లోకి పరిగెత్తారు. ముందున్న మెక్‌లారెన్ కార్లు రెండూ, ఆస్కార్ పియాస్ట్రి, లాండో నోరిస్, ఆగలేదు. మిగతావాళ్లంతా ఒకేసారి ఆగుతారని ఆ టీము అనుకోలేదు. ఆగితే తర్వాత ఆగాల్సిన ల్యాపు కూడా 32 అని రాసిపెట్టినట్టే, చేతిలో ఇంకే వెసులుబాటూ ఉండదని వెనకాడారు. వెర్‌స్టాపెన్ 7వ ల్యాపులో ఆగాడు, 32లో ఆగాడు, 57కి గీత దాటి గెలిచాడు. మెక్‌లారెన్ వాళ్లు పూర్తి వేగంలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. పియాస్ట్రి రెండో స్థానం, నోరిస్ నాలుగో స్థానం. వేగమైన కారు ఉన్న టీము కూడికలో ఓడిపోయింది. వారం తర్వాత నోరిస్ ప్రపంచ టైటిల్ గెలుచుకున్నాడు కాబట్టి సరిపోయింది. అదీ వెర్‌స్టాపెన్ కంటే రెండే పాయింట్ల తేడాతో.

గాలి తగ్గిస్తే ఏమవుతుంది

రేసు ట్రాకుకీ నేషనల్ హైవేకీ మధ్య దూరం చాలా ఉంది అనిపించవచ్చు. 2021 జూన్ 6న అజర్‌బైజాన్‌లోని బాకులో జరిగింది చూస్తే ఆ దూరం తగ్గిపోతుంది. వెర్‌స్టాపెన్ మొదటి స్థానంలో పోతున్నాడు, ఇంకో ఐదారు ల్యాపులే ఉన్నాయి. తిన్నటి రోడ్డు మీద పూర్తి వేగంలో ఉండగా వెనక ఎడమ టైరు పేలిపోయి కారు గోడకు తగిలింది. అంతకుముందే లాన్స్ స్ట్రోల్ కారుకీ అదే జరిగింది. ఇద్దరూ బతికి బయటపడ్డారు. పరిశీలిస్తే టైరు లోపలి వైపు గోడ చుట్టూ తెగిపోయింది. మేకు దిగి కాదు, టైరు నడిచిన పరిస్థితుల వల్ల అని పిరెల్లి తేల్చింది. ఆ తర్వాత టైర్లలో గాలి ఎంతుందో తనిఖీ చేసే నిబంధనలు గట్టి చేశారు. గాలి కాస్త తగ్గితే టైరు ఎక్కువగా పరుచుకుని పట్టు పెరుగుతుంది కాబట్టి టీములకు తక్కువ గాలి అంటే మోజు. కానీ గాలి తగ్గిన టైరు ప్రతి తిరుగుడుకీ పక్క గోడల దగ్గర మడతపడి విచ్చుకుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కి తెగినట్టే, ఆ గోడా వేడెక్కి తెగుతుంది.

ఇప్పుడు ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు పోయే హైవే గుర్తుకు తెచ్చుకోండి. "ఎండాకాలం గాలి వ్యాకోచిస్తుంది, టైరు పేలిపోతుంది, కాబట్టి రెండు పాయింట్లు తగ్గించి కొట్టించు" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇది తలకిందుల సలహా. బండి నడిస్తే గాలి ఒత్తిడి పెరిగే మాట నిజమే, కంపెనీ అది లెక్కలోకి తీసుకునే చల్లని టైరుకి ఎంత గాలి ఉండాలో చెబుతుంది. తగ్గించి కొట్టిస్తే గోడలు ఎక్కువ మడతపడి వేడి ఇంకా పెరుగుతుంది. దాని మీద పరిమితికి మించి మిర్చి వేస్తే వేడి మీద వేడి. గాలి కొలవాల్సింది బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. ఇరవై కిలోమీటర్లు నడిచిన టైరు దగ్గర కొలిచి "ఎక్కువుంది" అని తీసేయడం ఇంకో పొరపాటు.

పత్తి లోడు కథ వేరు. మిర్చి అంత బరువుండదు, కానీ ఎత్తుగా, వెడల్పుగా పేర్చుకుంటూ పోతారు. ఎత్తు పెరిగేకొద్దీ మలుపు దగ్గర బరువంతా బయటి వైపు టైర్ల మీద పడుతుంది. రేసు కారు నేలకు ఆనించినట్టు అంత కిందకి ఉండేది దీన్ని తప్పించుకోవడానికే. పత్తి లారీకి ఆ వీలు లేదు. మలుపులో వేగం తగ్గించడం ఒక్కటే చేయగలిగింది.

కుర్రాళ్ల నోట వినిపించే మాట ఇంకోటి: "రేసు టైర్లు నున్నగానే ఉంటాయి కదా, నా బైక్ టైరు నున్నబడితే ఏం?" పొడి ట్రాకు మీద నున్నటి టైరు ఎక్కువ పట్టు ఇచ్చే మాట నిజమే, రబ్బరు మొత్తం రోడ్డును తాకుతుంది. కానీ అది నున్నగా ఉండేలా తయారుచేసిన వేరే రబ్బరు. మీద నాలుగు చినుకులు పడగానే వాళ్లు కూడా ఆగి గాడులున్న టైర్లకు మారిపోతారు. గాడుల పని నీళ్లను పక్కకు తోసేయడం. మన టైరు నున్నబడిందంటే గాడులూ పోయినట్టే, రబ్బరు పల్చబడి లోపలి పొరలు దగ్గరపడినట్టే. కార్లకు, లారీలకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని నిబంధన. కొలబద్ద అక్కర్లేదు. టైరు పక్కన టీడబ్ల్యూఐ అని గానీ చిన్న త్రికోణం గుర్తు గానీ ఉంటుంది. దానికి సూటిగా గాడిలోకి చూస్తే చిన్న గట్టు కనిపిస్తుంది. పై రబ్బరు ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయింది.

అరుగుదల కంటికి కనిపిస్తుంది, వయసు కనిపించదు. ట్రాలీ టైర్లు ఏడాదిలో రెండు మూడు నెలలే తిరిగి మిగతా కాలం ఎండలో పడి ఉంటాయి. గాడులు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండి పక్కల సన్నటి పగుళ్లు వస్తాయి. పక్క గోడ మీద గుడ్డు ఆకారంలో చిన్న గడి ఉంటుంది, అందులో నాలుగంకెలు. 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైందని. సెకండ్‌హ్యాండ్ టైరు కొనేటప్పుడు ధర కంటే ముందు అడగాల్సింది ఆ నాలుగంకెలు.

మిర్చి కోతల సీజన్‌లో తెల్లవారుజామున కూలీలను ఎక్కించుకుని పోయే ఆటోలనూ ట్రాలీలనూ చూస్తే ఈ లెక్కలు ఎవరి మీద పడతాయో తెలుస్తుంది. ఈ మధ్య సంవత్సరాల్లో రంజాన్ కూడా ఇదే సీజన్‌లో వస్తోంది. సహరీ చేసి బండి ఎక్కేవాళ్లూ, రాత్రంతా యార్డు దగ్గర లైనులో కాచుకుని మళ్లీ స్టీరింగ్ పట్టేవాళ్లూ మన ఇళ్లలోనే ఉన్నారు. "ఈ సీజన్ లాగించేద్దాం, డబ్బులొచ్చాక కొత్తవి వేద్దాం" అన్న మాట ఆశపోతుతనంతో వచ్చేది కాదు. జత లారీ టైర్ల ఖరీదు తెలిసినవాళ్లెవరూ అలా అనరు. అయినా అది రైకొనెన్ ఆ రోజు వేసుకున్న లెక్కే. తేడా ఏమిటంటే అతని టైరు వేడినీ గాలినీ ప్రతి క్షణం తెరల మీద చూస్తూ చెప్పే ఇంజనీర్లు ఉన్నారు, కావాలంటే ఆగడానికి పిట్ ఉంది, వెనక సీట్లో ఎవరూ లేరు.

డబ్బు లేనప్పుడు కూడా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రీట్రేడ్ టైర్లు వాడక తప్పకపోతే వాటిని వెనక జంటల్లో వేసి, దిశ చూపే ముందు రెండు చక్రాలకూ మంచివి ఉంచడం. లోడు దించాక ఖాళీ బండిని ఒకసారి చుట్టి చూడటం. లారీ వెనక జంట టైర్లలో లోపలిది కనిపించదు. దానికి పంచరైనా బయటిది మోస్తుంది కాబట్టి బండి ఒరగదు, డ్రైవర్‌కి తెలియదు. రెండు టైర్ల బరువు ఒక్కటే మోస్తూ పోయి కాసేపటికి ఆ బయటిదీ పేలుతుంది. అందుకే పాత డ్రైవర్లు టీ కోసం ఆగిన ప్రతిచోటా దిగి, చేతిలో ఉన్న రాడ్డుతో లోపలి టైరును ఒక్క దెబ్బ కొట్టి చప్పుడు వింటారు. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరిపడుతుంది, లేకపోతే మెత్తగా దిగబడుతుంది.